గురువమ్మ అత్త కట్టించిన కాప్పు

మా గురువమ్మ అత్త కర్మకు రాజపాళయం వెళ్ళినప్పుడు, భోజనాలై ఇంకా విస్తళ్ళు ఎత్తుతుండగానే మా వీధి పండగ కమిటీ పిల్లలు వచ్చి నా చుట్టూ చేరారు. పిల్లలంటే పిల్లలేం కారు, ఒకడికి బట్టతల కూడా వచ్చింది. వాళ్ళ తాతల్ని ఎరుగుదును కాబట్టి నాకు పిల్లలే. "పాట్టీ, ఈ ఏడు విళా మలరుకు నువ్వు ఒక కట్టురై రాసియ్యాల. గురువమ్మ పాట్టి ఈ విళాను ఎట్ల మొదలుపెట్టినాది, ఎట్ల పెంచినాది, దాంట్లో మేము నేర్చుకోవాల్సింది ఏమి, అదే. కొంజం సంతోషంగా రాయి" అన్నాడు బట్టతలవాడు. పాట్టి అంటే అవ్వ, విళా అంటే పండగ, మలరు అంటే ఆ పండగకి వేసే సంచిక, కట్టురై అంటే వ్యాసం. మా ఊరి తెలుగులో ఇలాంటి మాటలన్నీ తమిళం ఇచ్చినవే. సరేనన్నాను. జన్మంతా బడిపిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఇంతమాత్రం రాయలేనా అనుకున్నాను. ఇంటికొచ్చి కూచుంటే, వచ్చింది సంతోషంగా రాలేదు. మలరుకు మరేదో రాసి పంపాను, ఫొటో అడిగితే అదీ ఇచ్చాను. వాళ్ళు అడిగిన పాఠం మాత్రం ఇది.

అత్త మా నాన్నకు అక్క. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒక గోడ ఉండేది. మా అమ్మ పోయాక ఆ గోడ ఉన్నా లేనట్టే. నేను తిన్నదీ, తల దువ్వించుకున్నదీ, తిట్లు తిన్నదీ అంతా అత్త ఇంట్లోనే. పొద్దున మిల్లు సంగు, అంటే సైరను, ఊదేలోపు ఆమె పొయ్యి రాజుకోవాలి. సంగు ఊదాక లేచిన ఆడదాన్ని ఆమె ఆడదాని కింద లెక్కపెట్టేది కాదు. రాత్రి నానబెట్టిన పత్తిగింజలు రోట్లో వేసి గేదె కోసం రుబ్బేది. ఆ ఇంటికి ఎప్పుడూ పచ్చి పత్తిపాల వాసన, దాని మీద ఆముదం వాసన, ఆ పైన పొగ. రుబ్బుతూనే వీధిలో పోయేవాళ్ళందరినీ పలకరించేది, పలకరిస్తూనే దులిపేది. మామ చిన్న వయసులోనే పోతే అన్నదమ్ముల మీద వాలకుండా మడిచెక్క తనే చూసుకుంది. ఆ దమ్ము మాటలో కూడా ఉండేది. ఒక్కతే కూతురు, అలమేలు. నాకు వదిన వరస, నాకంటే కాస్త పెద్దది. ఇద్దరం కలిసి పచ్చిమామిడికాయ ఉప్పూ కారం అద్దుకుని తిని, పళ్ళు పులిసి అన్నం తినలేక ఒకే మాదిరి తిట్లు తినేవాళ్ళం. అలమేలు వదినకు నవ్వు మొదలైతే ఆగేది కాదు. తిట్టే అత్తకు కూడా చివరికి నవ్వొచ్చేది.

మా అమ్మ, నా తరవాతి కాన్పు కష్టమై, మదురై తీసుకుపోతుంటే దారిలో బండిలోనే పోయింది. ఆ రోజుల్లో మా వైపు కాన్పు అడ్డం తిరిగితే మదురై తప్ప దిక్కు లేదు. ఆ బండిలో అమ్మ తలని ఒళ్ళో పెట్టుకుని కూచున్నది అత్తే. దాన్ని గురించి ఆమె ఎప్పుడూ ఎక్కువ మాట్లాడలేదు. "సగం దారి కూడా పోలేదు" అని మాత్రం అనేది, అదీ ఏ ఏడాదికో ఒకసారి. మా వీధికి ఒక కాన్పు గది కట్టించి, చదువుకున్న నర్సమ్మను తెచ్చి పెట్టాలన్నది ఆమెకు అప్పట్నుంచీ పట్టిన పట్టు. మగవాళ్ళు వినలేదు. చావడికి పైకప్పు వెయ్యాలి, అది ముందు అన్నారు. అత్త వాళ్ళను వదిలేసి వంటిళ్ళ మీద పడింది. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు వెనక్కి తీసి మూలనున్న కుండలో వెయ్యాలి. మొగుడికి చెప్పక్కర్లేదు. అన్నంలో పిడికెడు తగ్గితే ఏ మొగుడికీ తెలియదని ఆమె ధైర్యం, అది నిజమే అయింది.

ఏడాది తిరిగేసరికి కుండల్లో బియ్యం పోగైంది. దాన్ని వండి అందరికీ అమ్ముదామని మొదటి పండగ పెట్టారు. తిరునాళ్ళ కాదు, దేవుడి కొలువు కాదు, చావడి ముందు నాలుగు తాటాకు పందిళ్ళు, ఆడపిల్లలు చప్పట్లు కొడుతూ పాడే కుమ్మి పాటలు, వంటలు, అంతే. అక్కడ మొదటి పాఠం నేర్చుకున్నాం. పది ఇళ్ళ బియ్యం ఒక గుండిగలో వండితే ఒకటి మెత్తనై గంజవుతుంది, ఒకటి పలుకు పలుకుగానే ఉంటుంది. ఆ అన్నాన్ని కాకులు కూడా అనుమానంగా చూశాయి. అత్త ఏడవలేదు, మిగిలిన బియ్యమంతా నానబోయించి దంపించి పిండి కొట్టించింది. పిండిలో ఎవరి బియ్యం ఏదో ఎవడికి తెలుస్తుంది? మురుకులు, అధిరసాలు అనే అరిసెలు చేసి అమ్మితే సాయంత్రానికి తట్టలు ఖాళీ. చోళపురం నుంచి పత్తి బండ్లతో వచ్చినవాళ్ళు పొట్లాలు కట్టించుకుని పోయారు. ఆడంగుల సంత అని వెక్కిరించిన మగవాళ్ళే పందిట్లో చివరిదాకా నిలబడి తిన్నారు.

ఆ మరుసటి ఏడు పండగ పెద్దగా చేద్దామన్నారు. అందరూ వస్తామన్నారు, పందిరి నేను వేస్తానంటే నేను వేస్తానన్నారు. తీరా వైకాశి నెల వచ్చేసరికి పెళ్ళిళ్ళు ముంచుకొచ్చాయి. పిండి కొట్టాల్సిన వాళ్ళు తళవాయిపురం పెళ్ళికి పోయారు, పందిరి వేస్తానన్నవాడు బావమరిది ఊరికి పోయి కూచున్నాడు. నూనె మూకుడు దగ్గర అత్త, వదిన, నేను, ఇంకో ఇద్దరు మిగిలాం. మురుకులు సగం మాడాయి. పండగ అయ్యాక అత్త వంటింట్లో ఉప్పుజాడికి ఆనుకుని కూలబడింది. కాళ్ళు చాపుకుని, మాడిన మురుకుల తట్ట దూరంగా తోసింది. చివరికి "వీళ్ళను ఊళ్ళో కట్టి పెట్టేది ఎట్ల?" అంది. తర్వాత తనే, "కాప్పు కట్టిస్తాము" అంది.

కాప్పు అంటే ఏమిటో మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. అమ్మవారి పండగ మొదలయ్యే రోజు పసుపు దారానికి పసుపుకొమ్ము కట్టి మణికట్టుకు కడతారు. అది కట్టించుకున్నవాళ్ళు పండగ ముగిసి విప్పేదాకా ఎల్లై దాటకూడదు, అంటే ఊరి పొలిమేర దాటకూడదు. పెద్ద గుళ్ళ పండగల ఆచారం అది. మురుకుల పండగకి కాప్పేమిటని అలమేలు వదిన పగలబడి నవ్వింది. "నవ్వద్దే. సామి పేరు చెప్తే కానీ కదలకుండా ఉండేవాళ్ళా ఈళ్ళు? చుమ్మా, ఊరికే ఒక దారం ముక్క. ఎవరికి నష్టము?" అంది అత్త. చావడి పక్కన చిన్న అమ్మవారి గుడి ఉంది, దాన్ని తెరిచి దీపం పెట్టేది అళగర్సామి తాత. ఆయన్ని ఒప్పించడానికి అత్త రెండు పూటలు కూచోవాల్సి వచ్చింది. "మన గుడికి అట్ల పళక్కం లేదు గురువమ్మా" అంటాడాయన, పళక్కం అంటే అలవాటు. లేకపోతే ఇప్పుడు వస్తుంది అంటుంది ఈమె. చివరికి ఆయన కట్టాడు. నేను ఆ మాటలు జరిగినంతసేపూ అక్కడే పిండి జల్లిస్తున్నాను కాబట్టి ఇంత నిశ్చయంగా రాస్తున్నాను.

ఆ ఏడు ఒక్కరూ కదల్లేదు. పెళ్ళిళ్ళకు కూడా, కాప్పు కట్టినాము రాలేమని కబురు పెట్టారు. కాప్పు ఉన్నదంటే అమ్మవారు ఉన్నట్టే కదా, అందుకని ఊరేగింపు వచ్చింది. ఊరేగింపు ఉన్నదంటే మేళం, మేళం ఉన్నదంటే మైకు, మైకు ఉన్నదంటే పెద్దమనుషుల ప్రసంగాలు. మురుకుల పందిరి మూలకు జరిగింది. బస్సుల్లో, బండ్లలో జనం. నాటకం కంపెనీని పిలిపించారు. ఆ నాటకం బాగుందని మరుసటి ఏడు ఇంకా పెద్దది పిలిపించారు. గది సంగతి అడిగితే, "ఈ ఏడు విళా పెద్దది అక్కా, వచ్చే ఏడు చూస్తాము" అనేవాళ్ళు. పండగ చేసే ఖర్చుకే పండగ సరిపోయేది. అత్త కుండల్లో పిడికెడు బియ్యం మాత్రం పడుతూనే ఉంది. పెరిగిన దాన్ని చూసి ఆమెకూ లోపల గర్వంగానే ఉండేదని నా అనుమానం. కాప్పు కట్టే పొద్దున చావడి ముందు జనం వరసకట్టి చేతులు చాస్తుంటే ఆమె మొహం వెలిగేది.

అలమేలు వదినకు మిల్లులో పనిచేసే పెరుమాళ్సామితో పెళ్ళయింది. మంచివాడు, నెమ్మదిగా మాట్లాడేవాడు, సాయంత్రం వచ్చేసరికి కనుబొమల మీద కూడా దూది పట్టి ఉండేది. తొలి కాన్పుకి వదిన పుట్టింటికి వచ్చింది. నెలలు ఇంకా నిండలేదు, పండగ అయ్యాకే కాన్పు అనుకున్నాం. అందరితోపాటు ఆమె కూడా కాప్పు కట్టించుకుంది. ఊరేగింపు రోజు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి, చెయ్యి కడుక్కుని, అత్తను పక్కకు పిలిచింది. "బిడ్డ అడ్డంగా ఉండాది. నా చేతిలో లేదు. సీక్రంగా మదురై తీసుకోని పోండి" అంది. పెరుమాళ్సామి పరిగెత్తి మిల్లు మేనేజరు కారు అడిగి తెచ్చాడు. ముందు సీట్లో అతను, వెనక అత్త ఒళ్ళో వదిన తల, నా ఒళ్ళో ఆమె కాళ్ళు. కారు వీధి చివరికి వచ్చి, జిన్నింగు ఫ్యాక్టరీ గోడ దాటి, ఎల్లైకల్లు ముందు, అంటే పొలిమేర రాయి ముందు, ఆగింది.

డ్రైవరు మా వీధివాడే. స్టీరింగు మీద ఉన్న అతని చేతికి కాప్పు ఉంది. మా అందరి చేతులకూ ఉంది. "అక్కా, తాత వచ్చి విప్పితే కానీ నేను దాటలేను. నాకు చిన్నబిడ్డలు ఉండారు" అన్నాడు, మొహం ఇటు తిప్పకుండా. పెరుమాళ్సామికి కారు నడపడం రాదు. దిగి గుడి వైపు పరిగెత్తాడు. అళగర్సామి తాత ఊరేగింపులో ఉన్నాడు, అమ్మవారు గుడి చేరేదాకా పక్కకు రాకూడదు. చేరాక కూడా, తనంతట తాను విప్పలేనన్నాడు, పూలు అడగాలన్నాడు. ఎర్ర పువ్వొక పొట్లంలో, తెల్ల పువ్వొక పొట్లంలో కట్టి, అమ్మవారి ముందు వేసి పసిబిడ్డ చేత ఒకటి తీయిస్తారు. తెల్లది వస్తే సరే. ఎర్రది వచ్చింది. మళ్ళీ దీపారాధన అయ్యాక అడగాలి. ఇవన్నీ తరవాత తెలిశాయి. మాకు కారులో వినిపిస్తున్నది మైకు మాత్రమే. ఎండకి కారు కాలిపోతోంది, నేను విసనకర్రతో విసురుతున్నాను, వదిన కాళ్ళు చల్లబడుతున్నాయి.

అత్త మొదట డ్రైవర్ని తిట్టింది, తర్వాత బతిమాలింది. తర్వాత కూతురి చెయ్యి తీసుకుని ఆ దారం మీద వేళ్ళు పెట్టింది. "ఇది ఉత్తది కన్నా. సామి లేదు, సాస్త్రం లేదు. నేను ఎత్తిన యోచన. నువ్వూ నవ్వినావు కదే ఆ పొద్దు. తెంపేస్తాను. నీది తెంపి, నాది తెంపి, వాడిది కూడా నేనే తెంపుతాను" అంది. తెంపలేదు. వేళ్ళు దారం మీదే ఉన్నాయి. ఒక గుంజు గుంజితే తెగే నూలుదారం. వదిన కళ్ళు తెరిచి తల్లి వైపు చూసింది. "తెలుసమ్మా" అంది. కొంచెం ఆగి, ఊపిరి తీసుకుని, "ఉత్తదైతే నీ చెయ్యి ఎందుకు వణుకుతాది?" అంది. కాసేపటికి వదినే మళ్ళీ, "ఉండనీలే. బిడ్డకు ఏమైనా అయితే" అని తన చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను ఎందుకు తెంపలేదని నన్ను నేను అడగలేదా అంటే అడిగాను. నాకు భయమేసింది, అంతకంటే వేరే జవాబు లేదు.

పొద్దు కొండల వెనక్కి వాలుతుండగా పెరుమాళ్సామి వెంట తాత వచ్చాడు. రెండోసారి తెల్ల పువ్వు వచ్చిందట. ఆయన ఏడుస్తూనే ఒక్కొక్కరి కాప్పూ విప్పాడు, మంత్రం తప్పకుండా. కారు కదిలింది. శ్రీవిల్లిపుత్తూరు దాటిన కాసేపటికి వదిన పోయింది, లోపలి బిడ్డతో సహా. అత్త కారు ఆపమనలేదు, తిప్పమనలేదు. డ్రైవరు తనే ఆపి, దిగి, రోడ్డు పక్కన కూచుని తల బాదుకున్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని జనం తేలిగ్గా అంటుంటారు. ఆ సామెత నేను ఆ రోజు తర్వాత నోట పలకలేదు, ఇప్పుడు రాయడం ఇదే.

పండగ ఆగలేదు. కాప్పు కట్టాక ఆపకూడదు కదా. మొదలుపెట్టిన ఇంటినుంచే అమ్మవారు బలి తీసుకున్నాది, ఇంక ఈ పండగకు తిరుగులేదు అని ఆడవాళ్ళు చెప్పుకోవడం నా చెవులతో విన్నాను. ఆ ఏడు చందాలు కురిశాయి. సిగ్గుపడి ఇచ్చారో భయపడి ఇచ్చారో, గది లేచింది. అలమేలు ప్రసవ నిలయం అని పేరు పెట్టారు, నర్సమ్మ వచ్చింది. నా పిల్లలిద్దరూ ఆ గదిలోనే పుట్టారు. ఆ గది లేకపోతే పోయేవాళ్ళు ఎందరో అందులో బతికారు. అది రాయకపోతే అత్త ఒప్పుకోదు, నాకూ న్యాయం అనిపించదు.

మరుసటి ఏడు పండగ మాటలు మాట్లాడుకోవడానికి చావడిలో కూడినప్పుడు, అప్పటిదాకా ఇల్లు కదలని అత్త వచ్చి మధ్యలో నిలబడింది. "విళా చేసుకోండి. కాప్పు మాత్రము వద్దు. అది నేను పుట్టించినాను. పనికి మనుషులు నిలవాలని నా వంటింట్లో కూచోని పుట్టించినాను. అది లేదు, ఉత్తది" అంది. ఎవరూ గొడవ చెయ్యలేదు. గొడవ చేసినా బాగుండేది. అళగర్సామి తాత లేచి ఆమె దగ్గరికి వచ్చాడు. "గురువమ్మా, మా తాత కాలములోనే ఉండినాది ఇది. నడుమ నిలిచిపోతే నువ్వు మళ్ళీ ఎత్తినావు. నువ్వు పుట్టించేది ఏముండాది?" అన్నాడు. ఆయన అబద్ధం ఆడడం లేదు, మొహం చూస్తే తెలుస్తుంది, అలాగే నమ్ముతున్నాడు. అలాంటి అలవాటే లేదని రెండు పూటలు వాదించింది ఆయనే. "నేను ఉన్నాను అక్కడ, విన్నాను" అని నేను అనబోతే మా నాన్న నా భుజం నొక్కాడు. "కడుపుకోత. పావం" అని ఎవరో అన్నారు. కాప్పు కట్టే పొద్దున ఆడవాళ్ళు ఆమె ఇంటికే వచ్చి, తల నిమిరి, నీకు మేము లేమా అక్కా అంటూ, ఒళ్ళు బాగాలేని మనిషికి మందు పోసినంత ప్రేమగా ఆమె చేతికి కట్టారు. ఆమె చెయ్యి లాక్కోలేదు.

ఇప్పుడు అదంతా తలుచుకుంటే అప్పటికీ ఇప్పటికీ పోలిక చూడకుండా ఉండలేను. కర్మకు వెళ్ళినప్పుడు చూశాను, ఆ రోడ్డున షేరాటోలు ఎడతెరిపి లేకుండా తిరుగుతున్నాయి, ఎల్లైకల్లు ఎక్కడుండేదో అడిగితే కమిటీ పిల్లలకు తెలియలేదు. ఊరు దాన్ని మింగేసి చాలా దూరం పోయింది. వంటిళ్ళలో పిడికెడు బియ్యం తీసే అలవాటూ పోయింది, చందా ఫోన్లోనే పంపుతారట. ఎల్లై ఎక్కడో తెలియకపోయినా ఎల్లై దాటకూడదన్నది మాత్రం అలాగే ఉంది. అప్పుడు కారు లేదు, డాక్టరమ్మ లేదు, చదువు లేదు, అందుకే అలా జరిగిందని మనకు మనం చెప్పుకుంటాం. ఆ రోజు కారు ఉంది. దారీ ఉంది. కట్టినది తానేనని తెలిసిన మనిషి కూడా ఉంది. పండగ పెంచాలనుకునేవాళ్ళు నేర్చుకోవాల్సింది ఏమైనా ఉంటే, మొదలుపెట్టినవాళ్ళ చెయ్యి అందినంతవరకే దాన్ని పెరగనివ్వమని చెప్తాను. మలరులో అచ్చువేసే మాట కాదు అది.

ఆ ఏడు ఆడవాళ్ళు అత్తకు కాప్పు కట్టిపోయిన మర్నాడు, సంగు ఊదాక, ఆమె పొయ్యి మీద ఎసరు పెట్టి, "రా పాపా" అని నా చెయ్యి పట్టుకుంది. ఎక్కడికని అడగలేదు. వీధి దాటాం, జిన్నింగు ఫ్యాక్టరీ గోడ వెంట నడిచాం. ఎల్లైకల్లు దగ్గర ఆమె ఆగకుండా, చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తుకుని, అవతలికి దాటింది. నేనూ దాటాను. పత్తి బేళ్ళ లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయింది. ఏమీ కాలేదు. అత్త వెనక్కి తిరిగి వచ్చిన దారి చూసింది. మా చావడి మైకులో ఎవరో గొంతు సవరించుకుంటున్నారు, అది కూడా అక్కడికి వినిపిస్తోంది. "ఇంతేనా పాపా?" అంది. "ఇంత దూరమేనా?" అదే గోడ వెంట వెనక్కి నడిచాం. మేం ఇల్లు చేరేసరికి పొయ్యి మీద ఎసరు ఇంకా కాగలేదు.